బడి మైదానంలో గరిక పచ్చగా ఉండాలంటే

బడి మైదానంలో గడ్డి చచ్చిపోవడానికి చాలాచోట్ల ఎరువు లోపం కన్నా, పిల్లల పరుగులకు నేల గట్టిపడి వేళ్లకు గాలీ నీరూ అందకపోవడమే అసలు కారణం. కాబట్టి తొలకరి వానలకు నేల మెత్తబడగానే, ముఖ్యంగా గోల్ స్తంభాల ముందూ కబడ్డీ కోర్టు అంచుల్లోనూ, మొనదేలిన ఇనుప కమ్మీతో జానెడు ఎడంగా నాలుగంగుళాల లోతు రంధ్రాలు చేసి, బాగా మాగిన పశువుల ఎరువును జల్లించి ఇసుకతో కలిపి వాటిలోకి ఊడ్చాలి.

ఎరువు కొనేముందు భూసార పరీక్ష తప్పనిసరి. ఎనిమిది, పది చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంత తీసి, దాని అంచు నుంచి పలుచగా చెక్కిన మట్టిని కలిపి నీడలో ఆరబెట్టి, అరకిలో నమూనాను దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో ఇవ్వాలి. మట్టి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే ఉదజని సూచిక (pH) 6 నుంచి 7.5 మధ్య ఉంటే గరికకు అనుకూలం, 8.5 దాటిన చౌడు నేలకు పరీక్షలో సిఫారసు చేసిన మేరకు జిప్సం వేయాలి.

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కనుక, గడ్డి ఎదిగే వానకాలంలోనూ 100 చదరపు మీటర్లకు నెలకు కిలో మించకూడదు. దాన్ని రెండు దఫాలుగా, ఆకులు పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే నీరు పెట్టాలి, లేకుంటే గరిక మాడుతుంది. నత్రజని త్వరగా కొట్టుకుపోయే చలక నేలల్లో మోతాదు ఇంకా తగ్గించి, ఎక్కువసార్లు వేయడం మేలు. పిల్లలు వట్టి కాళ్లతో ఆడే చోటు కాబట్టి, శనివారం సాయంత్రం బడి వదిలాకే చల్లి, గుళికలు పూర్తిగా కరిగేలా తడపాలి.