రెడ్ లిస్ట్ కేటగిరీపై అభ్యంతరం రాయాలంటే

జీవులకు అంతరించే ముప్పు ఎంతుందో కేటగిరీలుగా చెప్పే ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) రెడ్ లిస్ట్‌లో ఒక జీవి ఏ కేటగిరీలో ఉందన్నది నిధుల మీద, ప్రాజెక్టుల అనుమతుల మీద ప్రభావం చూపుతుంది. అందుకే ఒత్తిళ్లు అన్ని వైపుల నుంచీ వస్తాయి. అయితే ఆర్థిక నష్టం, దేశ ప్రతిష్ఠ, విరాళాలు తగ్గుతాయన్న భయం పిటిషన్‌లో, అంటే కేటగిరీపై ఇచ్చే లిఖిత అభ్యంతరంలో, చెల్లవు. కేటగిరీలను నిర్ణయించే ఐయూసీఎన్ నియమాలైన 3.1 వెర్షన్ ప్రమాణాల మీదే వాదించాలి.

ముందు కేటగిరీ పక్కనున్న కోడ్ చదవండి. మంచు చిరుతకు 2008లో 'ఈఎన్ సీ1' ఉండేది. అంటే ఎండేంజర్డ్: ప్రౌఢ జంతువులు 2,500 లోపు ఉండాలి, ఐదేళ్లు, రెండు తరాలు, వీటిలో ఏది ఎక్కువైతే ఆ కాలంలో కనీసం 20 శాతం తగ్గుదలా ఉండాలి. 2017లో దాన్ని ముప్పు ఒక మెట్టు తక్కువైన వల్నరబుల్‌కు దించారు. ప్రౌఢ జంతువుల సంఖ్యకు బదులు, అంతకన్నా చిన్నదైన జన్యుపరమైన లెక్కను (తర్వాతి తరానికి జన్యువులు అందించే జంతువుల అంచనాను) వాడటమే పాత మదింపులోని లోపమన్నది దించినవారి వాదన. సర్వేలు జరిగింది ఆవాసంలో కొద్ది భాగంలోనేనని, అదీ చిరుతలు ఎక్కువున్న చోట్లనేనని వ్యతిరేకించినవారు అన్నారు. ఇద్దరూ పట్టుకున్నది ఒకే అంకెను, ప్రౌఢ జంతువుల సంఖ్యను. మీరూ అలాగే ఒక అంకెను పట్టుకోండి.

ఎక్కువ తప్పులు దొర్లేది విస్తీర్ణం దగ్గర. జీవి నిజంగా ఉంటున్న విస్తీర్ణాన్ని చూసే బీ2 ప్రమాణానికి రెండు కిలోమీటర్ల భుజం ఉన్న గడులే వాడాలి. ఒక్కో గడి 4 చదరపు కిలోమీటర్లు. జీవి 130 గడుల్లో కనిపిస్తే 520 వస్తుంది, ఎండేంజర్డ్‌కు 500 లోపే ఉండాలి కాబట్టి ఆ హద్దు దాటినట్టే, ఆ కేటగిరీ రాదు. ఒక కిలోమీటరు గడులతో కొలిస్తే అవే రికార్డులకు ఇంకా చిన్న విస్తీర్ణం వచ్చి, కేటగిరీ అన్యాయంగా పైకి, అంటే ఎక్కువ ముప్పు వైపు, పోతుంది. విస్తీర్ణం ఒక్కటే చాలదు కూడా: ఆవాసం ముక్కలవడం లేదా కొద్ది చోట్లకే పరిమితం కావడం, ఆగని క్షీణత, తీవ్రమైన హెచ్చుతగ్గులు, ఈ మూడింటిలో రెండు నిరూపించాలి.

కేటగిరీ దించాలంటే పై కేటగిరీ ప్రమాణాలేవీ ఐదేళ్లపాటు వర్తించకుండా ఉండాలి. పాత మదింపే తప్పని తేలితే ఆగక్కర్లేదు. కాబట్టి "పాతది తప్పు" అని ఎవరన్నా, ఆ తప్పు ఎక్కడుందో చూపమనండి. డేటా డెఫిషియెంట్ (ముప్పును అంచనా వేయడానికి సమాచారం చాలదు) అనే కేటగిరీ ఉందంటే జీవి క్షేమమని కాదు. దాన్ని ప్రాజెక్టు అనుమతికి సాకుగా వాడనివ్వకండి.

ముందు మదింపు చేసిన బృందానికి లెక్కలు పంపండి. అక్కడ తేలకపోతేనే పిటిషన్. దానిపై తీర్పు చెప్పేది ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌కు చెందిన స్టాండర్డ్స్ అండ్ పిటిషన్స్ కమిటీ.

అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపడమే మీ లక్ష్యమైతే రెడ్ లిస్ట్‌తో పని జరగదు. అది అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం చేతిలో ఉంది, అక్కడ ఓటు వేసిన దేశాల్లో మూడింట రెండొంతుల మద్దతు కావాలి. 2010లో దోహాలో అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనా చేప వ్యాపారాన్ని ఆపాలని మొనాకో తెచ్చిన ప్రతిపాదన ఆ ఓటింగ్‌లోనే వీగిపోయింది.