గామా కిరణ విస్ఫోటన కాలాన్ని కొలిచే పద్ధతి
గామా కిరణ విస్ఫోటనం అంటే సుదూర అంతరిక్షం నుంచి కాసేపు మాత్రమే వచ్చే గామా కిరణాల మెరుపు. ఈ కిరణాలను వాతావరణం అడ్డుకుంటుంది కాబట్టి హైదరాబాద్‌లో మేడ మీద ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా అవి చిక్కవు. కానీ గామా కిరణాలను గమనించే ఫెర్మి ఉపగ్రహం నమోదు చేసిన డేటాను నాసా అందరికీ ఉచితంగా ఇస్తుంది కనుక, ఇక్కడి విద్యార్థి ఇంట్లోనే విస్ఫోటనం ఎంతసేపు సాగిందో కొలవవచ్చు.

ముందుగా ఫెర్మిలో గామా కిరణాలను పసిగట్టే 12 సోడియం అయొడైడ్ డిటెక్టర్లలో విస్ఫోటనం స్పష్టంగా కనిపించిన రెండు మూడింటిని ఎంచుకొని, ప్రతి 64 మిల్లీసెకన్లకు ఎన్ని ఫోటాన్లు (కాంతి కణాలు) వచ్చాయో గ్రాఫ్ గీయండి. అసలు జాగ్రత్త నేపథ్యం (విస్ఫోటనం లేనప్పుడు కూడా నమోదయ్యే లెక్క) దగ్గరే కావాలి: ఉపగ్రహం తిరుగుతున్నకొద్దీ అది మెల్లగా హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి, విస్ఫోటనానికి ముందూ తర్వాతా ఉన్న భాగాలకు వక్రరేఖను అమర్చి, దాన్ని మొత్తం నుంచి తీసివేయాలి. మిగిలినవాటిని వరుసగా కూడుతూ పోతే, ఆ కూడిక తన చివరి మొత్తంలో 5 శాతం నుంచి 95 శాతం చేరడానికి పట్టిన కాలమే టీ90, అంటే విస్ఫోటన కాలం.

అది 2 సెకన్లు దాటితే దీర్ఘ విస్ఫోటనం, లోపైతే హ్రస్వం అంటారు. ఈ 2 సెకన్ల సరిహద్దును గుడ్డిగా నమ్మకండి. న్యూట్రాన్ నక్షత్రాల కలయిక వల్ల 2017 ఆగస్టు 17న వచ్చిన విస్ఫోటనం దాదాపు 2 సెకన్లు, అంటే సరిహద్దు దగ్గరే సాగింది.