ట్యాంకు మోడల్‌పై పెచ్చులూడిన రంగుకు స్పాంజి ముక్క
1:35 (అసలు దానిలో 35వ వంతు) సైజు యుద్ధ ట్యాంకు మోడల్‌పై రంగు పెచ్చులూడినట్లు సన్న కుంచెతో చుక్కలు పెడితే, ఎంత జాగ్రత్తపడినా తట్టు పోసినట్లే ఉంటుంది. పైగా గంటలు పడుతుంది.

ప్యాకింగ్ స్పాంజి నుంచి గోరంత ముక్క చింపండి. కత్తిరించవద్దు, అంచు గరుకుగా ఉండాలి. ముదురు గోధుమ ఆక్రిలిక్ రంగులో కొద్దిగా ముంచి, రంగు దాదాపు పోయేదాకా కాగితంపై పది పదిహేనుసార్లు అద్దండి. తర్వాతే మోడల్‌కు తేలికగా తాకించండి: సిబ్బంది ఎక్కి దిగే మూతల చుట్టూ, ఫెండర్ల (చక్రాల పట్టాల మీద ఉండే రేకుల) అంచులపై, పనిముట్లు బిగించే చోట. ఇక్కడ 1 మిల్లీమీటరు మచ్చ అంటే అసలు ట్యాంకుపై 35 మిల్లీమీటర్లు. నేను తరచూ మరిచిపోయేది ఇదే.

స్పాంజి తడిగా ఉంటే మాత్రం పెచ్చులకు బదులు మరకలు పడతాయి. వెంటనే తడిగుడ్డతో తుడిస్తే పోతాయి గానీ, ఆరాక పోవు.