తెల్లవారుజామున పోయి తొమ్మిదిన్నరకు వచ్చే లింక్

సమస్య: నెలగంట పెట్టిన దగ్గర్నుంచి గుంటూరు చుట్టుపక్కల మిర్చి చేలల నుంచి ఇవే ఫోన్లు. "తెల్లవారుజామున సోలార్ కెమెరాలు పోతున్నాయండీ, తొమ్మిదిన్నరకు వాటంతటవే వస్తున్నాయి. మంచు వల్లే కదా?"

కాదు. కెమెరా వీడియోను చేను నుంచి పంపే 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ సిగ్నల్‌ను పొగమంచు దాదాపు ఏమీ చేయదు. దయచేసి డిష్ కదపకండి. ముందు రేడియోలో (ఆ సిగ్నల్ పంపే పెట్టె) లాగిన్ అయి అప్‌టైమ్, అంటే ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో చూడండి. లెక్క ఈరోజు పొద్దున్నే మొదలైతే రేడియోకు కరెంటు అందలేదని అర్థం. నిమిషం పని, అయినా చాలామంది ఇది చూడకుండానే నిచ్చెన ఎక్కేస్తారు.

కారణం: బ్యాటరీ ఖాళీ అవుతోంది. మధ్యాహ్నం మీటరు పెట్టి 13.5 వోల్టులు చూసి మోసపోకండి, అది ఛార్జింగ్ వోల్టేజీ. పొద్దున ఆరింటికి చూడండి. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండే ఛార్జ్ కంట్రోలర్లు చాలావరకు 11 వోల్టుల దగ్గర లోడ్, అంటే కెమెరాకు, రేడియోకు వెళ్లే కరెంటు ఆపేసి, 12.6 దాకా ఎక్కితేనే మళ్లీ ఇస్తాయి. తొమ్మిదిన్నర అవుతోంది అందుకే.

మరి బ్యాటరీ ఎందుకు నిండడం లేదు? ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ప్రత్తిపాడు వైపు ఒక రైతు డాబా మీద రెండుసార్లు బ్యాటరీ మార్పించాను. ఆయన డబ్బు పోయిందన్న బాధ ఇంకా ఉంది. చివరికి ఒక రోజంతా డాబా మీదే కూర్చుంటే తెలిసింది: నీడ. ప్యానెల్ బిగించింది మే మొదటి వారంలో. అప్పుడు మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు నడినెత్తిన ఉంటాడు, దేని నీడ దాని కిందే. డిసెంబరు ఆఖరుకు మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తులోనే, దక్షిణానికి వాలి ఉంటాడు. మీటరు ఎత్తు గోడ నీడ ఉత్తరానికి 80 సెంటీమీటర్లు దాటుతుంది. దక్షిణాన ఉన్న నీళ్ల ట్యాంకు నీడ పదకొండింటికి ప్యానెల్ మూలకు చేరి, రెండు దాటేదాకా వదల్లేదు. అరచేతి వెడల్పే. కానీ ప్యానెల్‌లోని సెల్స్ అన్నీ ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉంటాయి. 36 సెల్స్ ప్యానెల్‌లో ఒక్క సెల్ మూసుకుపోయినా సగం ప్యానెల్ పనిచేయకుండా పోవచ్చు. 18 వోల్టులు రావాల్సిన చోట 9 వస్తే 12 వోల్టుల బ్యాటరీ ఎక్కదు.

పరిష్కారం: ప్యానెల్‌ను నీడలోంచి జరపండి. దక్షిణాన ఉన్న ట్యాంకు, గోడ ప్యానెల్ కంటే ఎంత ఎత్తుంటే అంతకు రెండింతల దూరం వదలండి. చలికాలానికి 30 డిగ్రీల వాలు చాలు. పెద్ద బ్యాటరీ కొనకండి, అది నాలుగు రోజులు ఆలస్యంగా పడిపోతుంది, అంతే. మంచుకు తడిసిన దుమ్ము కింది అంచున అట్టకట్టినా ఇదే తంతు, వారానికోసారి తడిగుడ్డతో తుడవండి.

అప్‌టైమ్ చెక్కుచెదరకుండా లింక్ మాత్రమే పోతుంటే కనెక్టర్‌లో నీరు చేరిందేమో చూసి సీలు మార్చండి. వేకువన గాలి పొరల వల్ల సిగ్నల్ ఊగడం కృష్ణా నది దాటే పొడవాటి లింకులకు ఉండొచ్చు. రెండు కిలోమీటర్ల చేను లింకుకు ఆ ఆలోచనే వద్దు.