పాత వీటెక్ కారుకు ఆయిల్, ఫిల్టర్లు: కడప ఎండలో, ఎర్రగుంట్ల దుమ్ములో

నా కారు 2002 మోడల్ హోండా సిటీ వీటెక్. వేగం పెరిగినప్పుడు వాల్వులను మరింతగా తెరిచే హోండా ఏర్పాటు పేరే వీటెక్. బయటికి మామూలు డిక్కీ కారులాగే ఉంటుంది. లోపల 1.5 లీటర్ల ఇంజిన్, 106 హార్స్‌పవర్. 2003లో దీని తర్వాత వచ్చిన కొత్త సిటీకి 77 హార్స్‌పవరే ఇచ్చారు. అందుకే ఇరవై ఏళ్లు దాటినా ఈ పాత బండిని వెతుక్కుని కొనేవాళ్లు ఉన్నారు. నేను ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేస్తాను. పొద్దున లేస్తే బేరింగులు, గేర్‌బాక్సులు, వాటికి పోసే ఆయిళ్లతోనే పని. ఇలాంటి పాత, చురుకైన కారు ఉన్నవాళ్లు తరచూ ఆయిల్ సంగతి అడుగుతుంటారు కాబట్టి నేను చేసేది చేసినట్టు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఆయిల్ గ్రేడ్ (చిక్కదనం) విషయంలో మాన్యువల్ చెప్పినదానికి ఒక్క మెట్టు కంటే ఎక్కువ పైకి పోవద్దు. మిగిలిన శ్రద్ధంతా ఫిల్టర్ల మీద, దుమ్ము మీద పెట్టండి. మన సీమలో ఇంజిన్లను ఎండ కంటే ఎక్కువగా తినేది దుమ్మే.

నేను కొన్నప్పుడు కారు లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగి ఉంది. మొదటిసారి ఆయిల్ మార్పించడానికి ఒక షెడ్డుకు తీసుకుపోయాను. "పాత బండి కదా సార్, చిక్కటి ఆయిలే పోయాల. అప్పుడే ఇంజిన్‌కు పట్టుంటాది" అని అక్కడి మెకానిక్ 20డబ్ల్యూ-50 పోశాడు, ఊరూ పేరూ లేని ఒక ఫిల్టర్ బిగించాడు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే ఎర్ర ఆయిల్ లైటు నాలుగైదు సెకన్ల దాకా ఆరలేదు. పైన వాల్వుల దగ్గర టకటకమని చప్పుడు. రోడ్డెక్కాక కూడా బండి బరువుగా, మందంగా లాగింది.

తప్పంతా ఆయిల్‌దే అనుకున్నాను. కానీ ఫ్యాక్టరీలో మాకు నేర్పింది ఒకటుంది: ఒకేసారి రెండు మార్చకు, ఏది పని చేసిందో తెలియదు. అందుకే ఆయిల్ అలాగే ఉంచి ఫిల్టర్ ఒక్కటి మార్చాను. మర్నాడు లైటు సెకనులో ఆరిపోయింది, చప్పుడు లేదు. బండి బరువుగా లాగడం మాత్రం అలాగే ఉంది. అంటే పొద్దుటి చప్పుడు ఫిల్టర్ వల్ల, మందకొడితనం ఆయిల్ వల్ల. రెండూ వేర్వేరు జబ్బులు.

ఆయిల్ సంగతి చూద్దాం. డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉంటే, డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా పారుతుందో చెబుతుంది. వెనకున్న అంకె 100 డిగ్రీల వేడి దగ్గర దాని చిక్కదనం. ఆయిల్ గ్రేడ్లను నిర్ణయించే ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ లెక్కలో 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల (చిక్కదనం కొలిచే కొలత) లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. 30 కోసం చేసిన ఇంజిన్లో 50 పోస్తే చిక్కదనం సాధారణంగా ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. బేరింగుల మధ్య సందు మాత్రం హోండా పెట్టినంతే ఉంటుంది. ఇంజిన్ పాతబడిందంటే సందులన్నీ వెడల్పయ్యాయని కాదు. సరిగ్గా ఆయిల్ మార్చుతూ వచ్చిన ఇంజిన్లో లక్షన్నర కిలోమీటర్లకు కూడా బేరింగుల అరుగుదల తక్కువే ఉంటుంది.

పైగా వీటెక్‌లో ఆయిల్ జారుడు కోసమే కాదు, పని చేయడానికి కూడా. వేగం పెరిగినప్పుడు కంప్యూటర్ ఒక సోలినాయిడ్ వాల్వును (కరెంటుతో తెరుచుకునే వాల్వు) తెరుస్తుంది. ఆయిల్ ఒత్తిడి, ఇంజిన్ వాల్వులను నొక్కే రాకర్ ఆర్మ్‌ల లోపలున్న చిన్న పిన్నులను నెడుతుంది. విడివిడిగా ఉన్న ఆర్మ్‌లు ఒకటై, వాటిని కదిలించే క్యామ్ కడ్డీ మీది పెద్ద దిమ్మెతో కదులుతాయి, వాల్వులు మరింతగా తెరుచుకుంటాయి. ఆ పిన్నును నెట్టేది ఆయిలే. అందుకే ఇలాంటి ఇంజిన్లో "ఏదో ఒకటి పోయి" అన్న మాట పనికిరాదు.

మరి నేను ఏం పోస్తున్నాను? మొదట రెండేళ్లు 10డబ్ల్యూ-30 పోశాను. లక్షా డెబ్బై వేలు దాటాక వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు తగ్గడం మొదలైంది. అప్పుడు ఒక మెట్టు ఎక్కి 10డబ్ల్యూ-40కి వచ్చాను. అక్కడే ఆగాను. తగ్గుదల సగానికి వచ్చింది, బండి చురుకుదనం పోలేదు. మీ కారు ఆయిల్ తాగకపోతే ఆ మెట్టు కూడా ఎక్కక్కర్లేదు. చలి అంకె గురించి కడపలో టెన్షన్ పడాల్సిన పని లేదు. జనవరి తెల్లవారుజామున కూడా మనకు గడ్డకట్టే చలి రాదు కాబట్టి 5డబ్ల్యూ అయినా 10డబ్ల్యూ అయినా ఒకటే.

"మే నెలలో 44 డిగ్రీలు కాస్తుంది కదా, చిక్కగా ఉండొద్దా?" అని మా బావ అడుగుతుంటాడు. బయట 44 ఉన్నా 30 ఉన్నా బాగా నడిచే రేడియేటర్, థర్మోస్టాట్ ఉన్న ఇంజిన్లో ఆయిల్ 100 డిగ్రీల అటూ ఇటూ పని చేస్తుంది. దాన్ని నిజంగా కాచేది మన తొక్కుడు. కడప నుంచి రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాట్‌ను మూడో గేరులో ఐదు వేల ఆర్‌పీఎమ్ దగ్గర ఎక్కితే ఆయిల్‌కు పడే కష్టం మే నెల ఎండలో ఊరంతా తిరిగినా పడదు. వారం వారం అలాంటి ప్రయాణం ఉంటే ఫుల్ సింథటిక్ కొనండి, వేడికి తొందరగా చెడదు. ఆఫీసుకు పోయి వచ్చే బండికి సెమీ సింథటిక్ చాలు. ఘాట్ పైన ఆగి పాలకోవా తినేంతసేపు బండికీ విశ్రాంతి ఇస్తే ఇంకా మంచిది.

డబ్బా మీద ఏపీఐ గుర్తు (ఆయిల్ నాణ్యత తరగతి) చూడండి. పెట్రోల్ ఇంజిన్‌కు ఎస్‌తో మొదలయ్యే అక్షరాలు: 2010లో ఎస్‌ఎన్, 2020లో ఎస్‌పీ వచ్చాయి. మా కారు నాటికి ఎస్‌జే, ఎస్‌ఎల్ ఉండేవి. పాత కారుకు కొత్త గుర్తున్న ఆయిల్ పోయవచ్చు. ఒక్కటి మాత్రం తెలుసుకోండి. కొత్త ఆయిళ్లలో 30 గ్రేడ్ వరకు ఫాస్ఫరస్‌ను 800 పీపీఎమ్ (పది లక్షల్లో 800 వంతులు) దాటనివ్వరు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుందని. ఆ ఫాస్ఫరస్, జింక్ కలిసిన మందే క్యామ్, రాకర్ల రాపిడిని ఆపుతుంది. 40, 50 గ్రేడ్లకు ఆ పరిమితి లేదు. నేను 40కి రావడానికి ఇది రెండో కారణం. ప్రీమియర్ పద్మిని లాంటి ఇంకా పాత బండి ఉన్నవాళ్లకు ఈ సంగతి మరీ ముఖ్యం, వాటి ట్యాపెట్లు క్యామ్ మీద నేరుగా రాసుకుంటాయి. లారీకి పోసే డీజిల్ ఆయిల్, బుల్లెట్‌కు పోసే బైక్ ఆయిల్ మాత్రం ఈ కారుకు వద్దు.

నకిలీ ఆయిల్ భయం నిజమైనదే. బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి, మూత సీలు చూడండి. ఖాళీ డబ్బా పారేసే ముందు మేకుతో రెండు బొక్కలు పొడవండి. ఆ డబ్బాలను కొని మళ్లీ నింపేవాళ్లు ఉన్నారు.

ఇక ఫిల్టర్. ఈ ఇంజిన్లో ఆయిల్ ఫిల్టర్ వెనక వైపు, డ్రైవర్‌కు దగ్గరగా ఉండే గోడ పక్కన పడుకున్నట్టు ఉంటుంది. ఇంజిన్ ఆపాక అందులోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా లోపల ఒక రబ్బరు వాల్వు ఆపాలి. చవక ఫిల్టర్లలో అది గట్టిపడి మూసుకోదు. రాత్రంతా ఫిల్టర్ ఖాళీ అవుతుంది, పొద్దున అది నిండే దాకా పైన వాల్వులకు ఆయిల్ అందదు. నా కారు చేసిన చప్పుడు అదే. కొనేటప్పుడు రంధ్రాల్లోంచి చూడండి. వాల్వు సాధారణంగా నల్ల రబ్బరైతే నైట్రైల్, నారింజ రంగుదైతే సిలికాన్. వేడికి ఎక్కువ కాలం మెత్తగా ఉండేది సిలికాన్. హోండా ఒరిజినల్ దొరికితే అదే కొంటాను, లేకపోతే బాష్ లేదా మాన్. మర సరిపోయింది కదా అని వేరే కారు ఫిల్టర్ బిగించకండి. ఈ హోండా ఇంజిన్ మర 20 మిల్లీమీటర్లు, 1.5 పిచ్ (మరల మధ్య దూరం). ఆ మర ఇంకెన్నో ఫిల్టర్లకు ఉంటుంది. కానీ రబ్బరు రింగు వెడల్పు, లోపలి బైపాస్ వాల్వు (ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌కు పక్కదారి ఇచ్చేది) తెరుచుకునే ఒత్తిడి కలవవు.

మార్చేటప్పుడు ఇంజిన్ గోరువెచ్చగా ఉండగానే ఆయిల్ దింపండి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉందేమో వేలితో తడిమి చూడండి. రెండు రింగులు పడితే దారిలో ఆయిలంతా కారిపోతుంది. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి, తగిలిన దగ్గర నుంచి చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. ఆయిల్ దింపే కింది నట్టుకు 14 మిల్లీమీటర్ల అల్యూమినియం వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి. టార్క్ రెంచ్ ఉంటే దాదాపు 40 న్యూటన్ మీటర్ల బిగువు. నాలుగు లీటర్ల డబ్బా మొత్తం పోయకండి. నేను మూడుంబావు లీటర్లు పోసి, ఇంజిన్ నిమిషం తిప్పి, ఆపి, ఐదు నిమిషాలకు డిప్‌స్టిక్ చూసి కొద్దికొద్దిగా కలుపుతాను. ఎక్కువైతే క్రాంక్ దాన్ని మజ్జిగలా చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలి ఉంటుంది, గాలి ఆ వీటెక్ పిన్నును గట్టిగా నెట్టలేదు.

ఇంకో ఫిల్టర్ ఉంది, చాలామందికి తెలియదు. వీటెక్ సోలినాయిడ్ కింద గ్యాస్కెట్‌లోనే సన్నటి జాలీ. ఒకసారి ఘాట్ ఎక్కుతుంటే చెక్ ఇంజిన్ లైటు వచ్చి బండి ఐదు వేల దగ్గర లాగడం మానేసింది. విప్పి చూస్తే జాలీ నిండా గసగసాల్లాంటి నల్ల ముక్కలు. పాత ఓనర్ దగ్గర ఎవరో పై కవర్‌కు సిలికాన్ పేస్టు దట్టంగా పూశారు, అది ఊడి ఆయిల్లో కలిసింది. జాలీ గ్యాస్కెట్ కొత్తది వేశాక ఇంజిన్ మళ్లీ పాట పాడింది. కవర్ గ్యాస్కెట్ మార్చే రోజు పేస్టు ఎక్కడెక్కడ పూస్తున్నారో పక్కనే నిలబడి చూడండి.

గాలి ఫిల్టర్ మీద మనవాళ్లు అసలు ఖర్చు పెట్టరు. ఎర్రగుంట్ల, ముద్దనూరు రోడ్లలో సిమెంటు దుమ్ము, నల్లబండల దుమ్ము కలిసి లేస్తాయి. రాతి దుమ్ము ఇంజిన్లోకి పోతే పిస్టన్ రింగులను సానబట్టినట్టు అరగదీస్తుంది. స్పోర్ట్స్ ఫిల్టర్లని అమ్మే, ఆయిల్ పూసిన గుడ్డ ఫిల్టర్లు గాలిని ఎక్కువగా వదులుతాయి, దాంతోపాటు సన్నదుమ్మునూ వదులుతాయి. నేను మామూలు పేపర్ ఫిల్టరే వాడతాను, ఎనిమిది వేల కిలోమీటర్లకు మారుస్తాను. ప్రతిసారీ ఫిల్టర్ తీసి, దాని వెనక ఇంజిన్ వైపు పోయే గొట్టం లోపల వేలు పెట్టి రుద్దుతాను. వేలికి బూడిద అంటిందంటే ఫిల్టర్ బాక్సు క్లిప్పు వదులుగా ఉంది లేదా రబ్బరు చీలింది. అది సరి చేయకుండా ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా వృథా.

ఆయిల్ మార్పుకు నా లెక్క 5,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది. దింపిన ఆయిల్ మట్టిలో పోయకండి. మా ఊళ్లో సెంట్రింగ్ పలకలకు పూయడానికి అడుగుతారు, అదీ చివరికి నేలలోకే పోతుంది. నేను వాడిన ఆయిల్ కొనే లైసెన్సున్న వ్యాపారికే ఇస్తున్నాను.

పాత ఫిల్టర్‌ను వెంటనే పారేయను. హాక్సా బ్లేడుతో కోస్తే కోసిన రజను లోపల పడుతుంది, అందుకని పైపు కట్టర్‌తో చుట్టూ కోసి కాగితం మడతలు విప్పి, ఎండలో ఆరబెట్టి చూస్తాను. సన్నటి బూడిద రంగు నలుసులు అయస్కాంతానికి కొద్దిగా అంటితే మామూలు అరుగుదల. అంటకుండా వెండిలా మెరిస్తే అల్యూమినియం, రాగి రంగులో ఉంటే బేరింగు. మొన్న ఉగాదికి ముందు కోసిన ఫిల్టర్లో బూడిద తప్ప ఏమీ లేదు. తేదీ, లక్షా తొంభై ఒక్క వేల కిలోమీటర్లు అని దాని డబ్బా మీద రాసి అలమరలో పెట్టాను.