గడ్డి మిషను మరమ్మతు – పాఠం 3: తాడు లాగినా స్టార్టవ్వకపోతే

కిందటి పాఠంలో బ్లేడు, గేరుపెట్టె చూశాం. ఈసారి ఇంజను. సంక్రాంతి ముందు చావిట్లో మూల పెట్టిన టూ-స్ట్రోక్ (పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే) గడ్డి మిషను, అంటే బ్రష్ కట్టర్‌ని ఉగాదికి బయటికి తీస్తే స్టార్టవ్వకపోవడం మామూలే. చాలాసార్లు తప్పు ఇంజనుది కాదు, ట్యాంకులో వదిలేసిన పెట్రోలుది.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కోనసీమలో తేమకేం కొదవ! నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుక్కి దిగుతుంది, ఫిల్టరుండేదీ అక్కడే. కార్బరేటర్లో (పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి పంపే భాగంలో) మిగిలిన పెట్రోలు ఆవిరైపోయి, జిగురు సన్న రంధ్రాలను పూడ్చేస్తుంది.

ముందు ప్లగ్గు, అంటే నిప్పురవ్వ పుట్టించేది. చోక్ (గాలి తగ్గించే మీట) వేసి ఐదారుసార్లు తాడు లాగి, ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది. నిప్పురవ్వ లేదు, లేదా చోక్ ఎక్కువై ముంచేసింది. తుడిచి, ప్లగ్గు కొన దగ్గరి గ్యాప్ 0.6–0.7 మి.మీ. ఉందో లేదో చూసి, క్యాపుకి తగిలించి, ప్లగ్గు మర భాగాన్ని సిలిండరు రెక్కలకి ఆనించి లాగండి. ప్లగ్గు రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, దానికి దూరంగా పట్టుకోండి. రవ్వ నీలంగా చిటపటలాడాలి. ఎర్రగా నీరసంగా ఉంటే ముందు కొత్త ప్లగ్గు వేసి చూడండి.

ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు అందట్లేదు. పాతది డబ్బాలోకి వంపేయండి, కాలవలోకి కాదు. తీగ కొక్కెంతో ట్యాంకులోని ఫిల్టరు పైకి లాగండి, నల్లబడితే మార్చేయండి. పెట్రోలు లాగే రబ్బరు బల్బు నొక్కినప్పుడు బుడగలు ఎంతకీ ఆగకపోతే పైపు ఎక్కడో పగిలి గాలి లాగుతోందన్నమాట.

పైపు బాగుంటే కార్బరేటరే. నాలుగు స్క్రూల మూత తీస్తే నల్లటి డయాఫ్రమ్ (పల్చటి పొర) కనిపిస్తుంది. మెత్తగా వంగాలి. వేయించిన అప్పడంలా పెళపెళమంటే కొత్త కిట్టు వేయాల్సిందే. విప్పేటప్పుడే ఫోన్లో ఫొటో తీసుకోండి: ఈ వైపు బాడీకి ముందు గ్యాస్‌కెట్ (అతుకులో వేసే సీలు), దాని మీద డయాఫ్రమ్. తారుమారైతే పెట్రోలు సరిగా అందదు. క్లీనర్ స్ప్రే రబ్బరు ముక్కలన్నీ తీశాకే కొట్టండి. రంధ్రాల్లో తీగ గుచ్చొద్దు, అవి పెద్దవైతే మళ్లీ సరిపడవు.

కొత్త పెట్రోల్లో 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్లకి వేసేది) అంచనాగా పోయొద్దు. మిషను పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరుకి 40 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. సూది లేని సిరంజితో కొలవండి. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ, ప్లగ్గు మీద మసి.

స్టార్టయ్యాక రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వండి. రేసు వదలగానే ఆగిపోతుంటే ఐడిల్ స్క్రూ (రేసు వదిలినప్పటి వేగం సరిచేసేది) పావు చుట్టు బిగించండి. రేసు వదిలినా బ్లేడు తిరుగుతుంటే వదులు చేయండి. అప్పటికీ ఆగకపోతే క్లచ్ స్ప్రింగు సాగినట్టే. ఆ మిషనుతో పని మొదలెట్టొద్దు. క్లచ్ సంగతి నాలుగో పాఠంలో.