పేరున్న ఫోనును కొత్త ఫోను మించిందో లేదో విశాఖపట్నంలో తేల్చుకునే పద్ధతి

ద్వారకానగర్‌లో గాని, డాబాగార్డెన్స్‌లో గాని ఏ మొబైల్ షాపుకు వెళ్లినా కౌంటరు మీద రెండు ఫోన్లను పక్కపక్కన ఉంచి, అందరూ కొంటున్న దానిలో కెమెరా 50 మెగాపిక్సెళ్లు, కొత్తగా వచ్చిన దానిలో 200 అని, దానిలో ర్యామ్ 8 జీబీ, దీనిలో 12 అని అంకెలు చదివి వినిపిస్తారు. ఆ అంకెలు అబద్ధాలు కావు. అయితే వాటిలో చాలా భాగానికి మీరు ఫోనుతో రోజూ చేసే పనితో సంబంధం ఉండదు. కొత్త ఫోను పేరున్న ఫోనును నిజంగా మించిందా అని తేల్చడానికి నేను పాటించే కొలమానంలో రెండు షరతులున్నాయి. మీరు రోజూ చేసే పనుల్లో కనీసం ఒకదానిలో అది కొట్టొచ్చినట్టు మెరుగ్గా ఉండాలి. మీకు తప్పనిసరైన ఏ పనిలోనూ వెనుకబడకూడదు. ఈ రెండింటినీ పరీక్షించడానికి మన విశాఖ చాలా అనువైన ఊరు. ఎండ, ఉప్పుగాలి, కొండలు, సొరంగాలు అన్నీ ఒక్క రోజు ప్రయాణంలో అందుతాయి.

ఈ షరతులు చరిత్ర చెప్పినవే. 2007లో మొదటి ఐఫోన్ వచ్చేనాటికి నోకియా ఎన్95లో 5 మెగాపిక్సెళ్ల కెమెరా, 3జీ, జీపీఎస్ ఉన్నాయి. ఐఫోన్‌లో 2 మెగాపిక్సెళ్ల కెమెరా మాత్రమే ఉండేది. 3జీ లేదు, జీపీఎస్ లేదు, వీడియో తీసే వీలు లేదు, యాప్ స్టోర్ సైతం 2008 జులై వరకు రాలేదు. అయినా వేలితో తాకి పేజీలను జరపడం, వెబ్‌సైట్‌ను కంప్యూటరులో చూసినట్టే చూడడం అనే నిత్యకృత్యాల్లో అది మిగతా ఫోన్లకు అందనంత ముందుండడంతో ఆ లోపాలను జనం సహించారు. 2013లో వచ్చిన నోకియా లూమియా 1020 కథ దీనికి తలకిందులు. 41 మెగాపిక్సెళ్ల కెమెరాతో ఫొటోల్లో అది నాటి ఫోన్లన్నిటికీ దీటుగా నిలిచినా, అది నడిచే విండోస్ ఫోన్ వ్యవస్థకు కావలసిన యాప్‌లు చాలా రాలేదు. తప్పనిసరి పనిలో వెనుకబడిన ఫోనును ఎంత గొప్ప కెమెరా అయినా కాపాడలేకపోయింది.

కాబట్టి షాపుకు వెళ్లేముందు కాగితం తీసుకుని, ఇప్పుడు వాడుతున్న ఫోను మిమ్మల్ని ఎక్కడ ఇబ్బంది పెడుతోందో రాయండి. మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతోందా, వంటింట్లో సిగ్నల్ అందడం లేదా, ఎండలో తెర కనబడడం లేదా? వాటి కింద, లేకపోతే మీకు గడవని యాప్‌లను రాయండి: మీ బ్యాంకు యాప్, యూపీఐ, వాట్సాప్, ఆఫీసు హాజరు యాప్, పిల్లల స్కూలు యాప్. మొదటి జాబితాలో ఏమీ రాయలేకపోతే మీకు కొత్త ఫోను అవసరం లేదని అర్థం. ఆ డబ్బును ఉన్న ఫోనుకు కొత్త బ్యాటరీ వేయించడానికి వాడుకోవడం మేలు.

విడుదలైన వారంలోనే కొనవద్దని నేను గట్టిగా చెబుతాను. 2016లో గెలాక్సీ నోట్ 7 ఆగస్టులో మార్కెట్‌లోకి వచ్చింది. బ్యాటరీలు మండిపోతుండడంతో సెప్టెంబరులో వెనక్కి పిలిచారు. వాటికి బదులుగా ఇచ్చిన ఫోన్లలోనూ మంటలు రావడంతో అక్టోబరులో తయారీనే ఆపేశారు. అంత పెద్ద కంపెనీకే అలా జరిగింది గనుక, మూడు నెలలు ఆగడంలో నష్టం లేదు. ఈలోగా తెలిసినవారెవరైనా ఆ ఫోను కొంటారు. పేరున్న ఫోను ఎలాగూ బంధువుల్లో ఎవరి దగ్గరో ఉంటుంది. రెండింటినీ ఒక పూట అడిగి తీసుకుంటే, షాపులో గొలుసు కట్టి ఉంచిన డెమో పీసు మీద నెలంతా చూసినా తెలియని సంగతులు తెలుస్తాయి.

ఆ పూటను ఆర్కే బీచ్‌లో మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టండి. ప్రకటనల్లో తెర కాంతికి కొలతగా రాసే నిట్స్ అంకె సాధారణంగా తెరలో ఒక చిన్న భాగం క్షణకాలం చేరగల గరిష్ఠ కాంతిని సూచిస్తుంది. మీకు కావలసింది తెర మొత్తం ఎండలో ఎంతసేపు చదవగలిగేలా ఉంటుందనేది. రెండు ఫోన్లలోనూ ఆటోమేటిక్ బ్రైట్‌నెస్ ఆన్ చేసి, ఒకే మ్యాపు తెరిచి, కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఎదుట నిలబడి పది నిమిషాలు 4కె వీడియో తీయండి. ఫోను వేడెక్కినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగాన్ని, తెర కాంతిని తగ్గించుకుంటుంది. మొదటి నిమిషంలో రెండూ సమానంగా ఉన్నా, పదో నిమిషానికి ఒకటి మసకబారడం, రికార్డింగ్ ఆపేయడం చాలాసార్లు చూశాను. ప్రాసెసర్ పేరు, దాని స్కోరు గురించి ఇంతకంటే ఎక్కువ ఆలోచించనక్కరలేదు. ఈ పరీక్షలో అదీ కలిసిపోతుంది. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలోనే వాడమని ఆపిల్ సంస్థ చెబుతుంది. మే నెలలో మన ఊళ్లో ఆ గీత దాటే పగళ్లు ఉంటాయి కాబట్టి, వేడిని తట్టుకోవడాన్ని ఇక్కడివాళ్లు ప్రధాన గుణంగానే లెక్కించాలి.

బీచ్‌లో ఉండగానే నీటి సంగతి చూడాలి. నీరు, దుమ్ము చొరబడవని సూచించే ఐపీ68 గుర్తు ఉంటే సముద్రంలో ముంచవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ పరీక్ష మంచినీటిలో చేస్తారు. ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీ ప్రకటించినదే. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది, ఛార్జింగ్ పోర్టులోని లోహపు పిన్నులను తినేస్తుంది. పెదజాలరిపేట దగ్గర ఉండే మా చెల్లెలి ఫోనుకు ఏడాది తిరగకుండానే పోర్టు పచ్చగా చిలుము పట్టింది. నీటి వల్ల పాడైతే వారంటీ వర్తించదని సర్వీస్ సెంటర్‌లో తేల్చి చెప్పారు; డబ్బు కట్టినా విడిభాగం ఇరవై ఆరు రోజులకు గాని రాలేదు, అన్నాళ్లూ చేపల లెక్కలన్నీ ఆమె పుస్తకంలో రాసుకుంది. అందుకే ఫోను చూసినంత శ్రద్ధగా సర్వీస్ సెంటర్‌ను కూడా చూడాలని అంటాను. ఆ కంపెనీకి నగరంలో సొంత సెంటర్ ఉందా, పోర్టు, తెర, బ్యాటరీ మార్చడానికి ఎంత తీసుకుంటారు, భాగాలు ఇక్కడే ఉంటాయా, మరో ఊరి నుంచి రావాలా అన్నవి నేరుగా వెళ్లి అడగండి. కొత్త కంపెనీ పాతదానికి ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

తడిచేతుల పరీక్ష కూడా ముఖ్యమే, ముఖ్యంగా ఫిషింగ్ హార్బరులోనో, పూర్ణామార్కెట్‌లోనో, వంటగదిలోనో పనిచేసేవారికి. వేళ్లను కొద్దిగా తడిపి ఫోను తెరవండి, ఫోన్‌పే తెరిచి క్యూఆర్ కోడును స్కాన్ చేయండి, నాలుగంకెల మొత్తం కొట్టండి. తెర మన వేలిలోని విద్యుత్ గుణాన్ని బట్టే తాకిడిని గుర్తిస్తుంది గనుక, నీటిబొట్టును కూడా వేలిగా పొరబడుతుంది. కొన్ని ఫోన్లు ఈ పొరపాటును బాగా దిద్దుకుంటాయి, కొన్ని దిద్దుకోలేవు. వేలిముద్రను ధ్వని తరంగాలతో చదివే సెన్సారు, కాంతితో చదివే దానికంటే తడిచేతిని సాధారణంగా బాగా గుర్తిస్తుంది.

తరువాత సిగ్నల్. దీని మీద ఎక్కువ సమయం పెట్టండి, ఎందుకంటే ఫోను ధర ఎంతయినా మాట వినబడకపోతే మిగతావన్నీ వృథా. తెర మీది సిగ్నల్ గీతలను పోల్చవద్దు. ఏ బలానికి ఎన్ని గీతలు చూపాలో ప్రతి కంపెనీ తనకు తోచినట్టు నిర్ణయించుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని ఫోను వివరాల్లో సిమ్ స్థితిని చూస్తే సిగ్నల్ బలం డీబీఎంలలో మైనస్ అంకెగా కనిపిస్తుంది. మైనస్ 85 అంటే మంచి సిగ్నల్, మైనస్ 110 అంటే నీరసం. ఒకే సిమ్‌ను ముందు ఒక ఫోనులో, తరువాత రెండోదానిలో వేసి, మీ ఇంట్లో సిగ్నల్ బాగా తగ్గే మూలలో, అపార్టుమెంటు సెల్లారులో, లిఫ్టులో ఈ అంకెను నోట్ చేసుకోండి. 5జీ మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైంది. ఎన్78 అనే బ్యాండు (నెట్‌వర్క్ వాడే తరంగాల శ్రేణి) అన్నిచోట్లా వాడుకలో ఉండగా, గోడలను బాగా దాటే 700 మెగాహెర్ట్జ్ ఎన్28 బ్యాండు జియో దగ్గరుంది. మీ నెట్‌వర్క్ వాడే బ్యాండ్లు ఫోనులో ఉన్నాయో లేదో వివరాల పట్టికలో చూడడం రెండు నిమిషాల పని.

వీలుంటే ఒక ఆదివారం రెండు ఫోన్లనూ అరకు రైలు ఎక్కించండి. అది వెళ్లే కొత్తవలస, కిరండూల్ మార్గంలో మొత్తం యాభైకి పైగా సొరంగాలున్నాయి. సొరంగంలో ఏ ఫోనుకూ సిగ్నల్ ఉండదు. బయటపడ్డాక ఎవరు ముందుగా నెట్‌వర్క్‌ను పట్టుకుంటారన్నదే పోటీ. ఇలాంటి పరీక్ష ఏ ప్రయోగశాలలోనూ దొరకదు. సిగ్నల్ కోసం వెతుక్కోవడంలోనే బ్యాటరీ ఎక్కువగా ఖర్చవుతుంది కాబట్టి, తిరిగొచ్చేసరికి రెండింటిలో ఎంత ఛార్జింగ్ మిగిలిందో చూస్తే బ్యాటరీ పరీక్ష కూడా అందులోనే అయిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేక, టవర్లు పడిపోయి, అయినవాళ్ల క్షేమం తెలియక గడిపినవాళ్లకు ఈ లెక్క ఎంత అవసరమో నేను చెప్పనక్కరలేదు.

కెమెరాకు అంత శ్రమ అక్కరలేదు. 200 మెగాపిక్సెళ్ల సెన్సారు మామూలుగా పదహారు చుక్కలను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల బొమ్మనే ఇస్తుంది. మూడు ఫొటోలు చాలు: చామనఛాయ ముఖం ట్యూబులైటు వెలుతురులో, పరుగెత్తే పిల్లవాడు సాయంత్రం వేళ, బయట లంగరు వేసి ఉన్న ఓడ జూమ్‌లో. ఈ మూడోది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. ఓడ పక్కన రాసిన పేరును ఒక ఫోను మసకగా చూపిస్తే, మరొకటి సాఫ్ట్‌వేరుతో పదును పెట్టి, లేని అక్షరాలను కల్పించి చూపిస్తుంది. మసకగా ఉన్నదే నిజాయితీ గల ఫొటో. బిల్లులు, పత్రాలు ఫొటో తీసేవారు దీన్ని తప్పక గమనించాలి.

తెలుగు విషయంలో షాపువాళ్లు ఏమీ చెప్పరు, మనమే చూసుకోవాలి. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేక కూర్పుతో సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. అంతటి ఫోనే మన గుణింతం దగ్గర తడబడిందంటే, మన లిపిని ప్రతి కంపెనీ పరీక్షించే ఉంటుందని ధీమాగా ఉండలేము. 'లక్ష్మి', 'జ్ఞాపకం', 'స్వాతంత్ర్యం' టైపు చేసి, అక్షర పరిమాణాన్ని పెద్దది చేసి, వత్తులు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయేమో, పై వరుస కిందివరుసను తింటుందేమో చూడండి. వాయిస్ టైపింగ్‌ను మీరు కాక, ఇంట్లో అచ్చమైన ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడే పెద్దవారితో చేయించండి. ఫోను ఎక్కువగా మాటతోనే వాడేది వారే.

ధర లెక్కను సంవత్సరాలతో భాగించండి. 2023లో పిక్సెల్ 8కు గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించాయి. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనులో బ్యాంకు యాప్ వాడడం ప్రమాదం కాబట్టి, ఆ ఫోను ఆయుష్షు అక్కడితో తీరినట్టే. 30,000 రూపాయల ఫోనుకు మూడేళ్లే అప్‌డేట్లు వస్తే ఏడాదికి 10,000. 42,000 ఫోనుకు ఏడేళ్లు వస్తే ఏడాదికి 6,000. మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్పించినా రెండోదే చవక. ఎన్నేళ్లు ఇస్తారన్నది షాపువారి నోటిమాటను బట్టి కాక, కంపెనీ సొంత ప్రకటనను బట్టి నిర్ధారించుకోండి.

కొనాలని తేలితే, జీఎస్టీ బిల్లు తీసుకోండి. ఫోనులో *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ (ఆ ఫోనుకే ప్రత్యేకమైన గుర్తింపు) సంఖ్య పెట్టె మీద, బిల్లు మీద ఒకటే ఉండాలి. పెట్టె తెరిచి ఉన్నా, సీలు అనుమానంగా కనిపించినా, ఆ సంఖ్యను కేవైఎం అనే మూడు ఇంగ్లిషు అక్షరాల తరువాత రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే అది ఏ మోడల్‌కు నమోదైందో తెలుస్తుంది.

పాత ఫోనును ఆ రోజే ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. వాట్సాప్ సంభాషణలను ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు నేరుగా తరలించే వీలు 2022లో గాని రాలేదు. ఇప్పటికీ కొత్త ఐఫోన్‌ను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడే ఆ పని చేయాలి, గూగుల్ డ్రైవ్‌లోని బ్యాకప్ ఐఫోన్‌లో తెరుచుకోదు. సిమ్ కొత్త ఫోనులో వేశాక యూపీఐని మళ్లీ నమోదు చేసుకోవాలి, మొదట్లో పంపగల మొత్తానికి పరిమితి ఉంటుంది. కాబట్టి అద్దె, ఫీజు కట్టాల్సిన రోజున మార్చవద్దు. పది రోజులు రెండు ఫోన్లనూ ఉంచుకుని, కాగితం మీద రాసుకున్న యాప్‌లను ఒక్కొక్కటిగా కొత్తదానిలో తెరిచి, పని చేసినవాటికి టిక్కు పెట్టుకుంటూ పోండి. చివరి టిక్కు పడ్డాక పాతదానిలోంచి గూగుల్ ఖాతాను తొలగించి, దాన్ని రీసెట్ చేసి, అప్పుడు షాపుకు తీసుకెళ్లండి.